ఏం మిషనిది

మామిడి సీజను అయిపోయినాక
మురుకంబట్టు దాటి, గుజ్జు ఫ్యాక్టరీ వెనక షెడ్డు
మూడు నెలలు మాది.
వాచ్‌మన్ ఎత్తిరాజులుకు రెండు బీడీకట్టలూ
రెండు చెవులకు దూదీ ఇస్తే
బీగం చెవి దొరుకుతుంది.

గోడ మీద జ్ఞానశేఖర్ చేతిరాత:
నిమిషానికి నూటముప్పై ఎనిమిది దెబ్బలు.
ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.
పాట వద్దు. గొంతు వద్దు.
సినిమా ముక్క పొరబాటున కూడా వద్దు.
మన ఊరి వాసన అస్సలు రాకూడదు.
కింద బొగ్గుతో ఎవరో కలిపినారు:
చెప్పులు బయట.

జ్ఞానా చెప్తే వినాల్సిందే.
కాట్పాడిలో రైలు మారి మద్రాసు పొయ్యి
పాత రికార్డులు చంటిబిడ్డల మాదిరి ఎత్తుకొచ్చినోడు.
వాడికి టెక్నో అంటే మడి.
కుప్పం పిల్లోడొకడు తబలా తునక కలిపినందుకు
ఆరు వారాలు మాట్లాడలే.
"కలిపితే కల్తీరా" అంటాడు,
"కల్తీకి కాళ్ళు ఎగరొచ్చు, తల ఖాళీ కాదు."
అనేటప్పుడు మాత్రం
సగం తెలుగు, సగం అరవం, నడమ కన్నడం రవ్వంత.
మా నోళ్ళే మూడు సరిహద్దుల సంత.

నేను పగలు అదే ఫ్యాక్టరీ ల్యాబులో.
గాజు మీద చుక్క వేసి తీపి కొలుస్తా.
తోతాపురి గుజ్జుకు రంగు చాలకపోతే
బేనిషా ఎంత పోయాలో నాకు తెలుసు.
డబ్బా మీద ఏం రాస్తారో కూడా తెలుసు.
అందుకే ఈ వాదాల్లో గమ్మున ఉంటా.

ఇంకోటి కూడా తెలుసు, ఎవరికీ చెప్పలే:
జ్ఞానా చేసినవాట్లో అన్నిటికంటే శుద్ధమైన ట్రాకు,
దాంట్లో చిక్, చిక్ అని సన్నగా తెగే చప్పుడు
డబ్బాలకు మూతలు బిగించే మా మిషనుది.
పదకొండేళ్ళు విన్న చెవి, పొరబడదు.
మూడో మూతకు రవ్వంత తడబడుతుంది
బేరింగు అరిగి.
ఆ తడబాటు దగ్గరే అందరూ
కళ్ళు మూసుకుని ఊగుతారు.

పెరటాసి రెండో శనివారం రాత్రి
గ్రీమ్స్‌పేట నుంచి పూంగావనం వచ్చింది.
స్కూటీ ముందర ల్యాప్‌టాప్ సంచి,
జడలో వాడిన కనకాంబరాలు.
ట్రాకుకు పేరు పెట్టలే.

నాలుగు నిమిషాలు వట్టి దెబ్బ.
జ్ఞానా తల ఊపినాడు.
అప్పుడు కింది నుంచి లేచిందొక శబ్దం,
తడి గోడను బొటనవేలితో రుద్దినట్టు,
ఎద్దు గొంతులో మబ్బు ఇరుక్కున్నట్టు,
వంగి, సాగి, మళ్ళా వంగి.
రేకుల కప్పు నుంచి తుప్పు రాలింది.
కూర్చున్నోళ్ళు లేచినారు.
ఎత్తిరాజులు దూది తీసినాడు.

జ్ఞానా జనాన్ని తోసుకుంటా పోయినాడు ఆమె దగ్గరికి,
కళ్ళలో ఆకలి.
"ఏం మిషనిది? జపానుదా? ఎంత పడింది?"

"మేకతోలు" అనింది.
"ఉరుమి. మా నాయన పుల్లతో రుద్దుతాడు,
జాతరలో, చావులో.
ఇప్పుడు చెయ్యి నొప్పి, పిలిచినా పోడు.
బాత్రూములో కూర్చోబెట్టి ఫోన్లో పట్టినా,
గోడలు బాగా మోగుతాయని."

దెబ్బ ఆగలే. నూటముప్పై ఎనిమిది.
జ్ఞానా గోడకేసి చూసినాడు, స్పీకరుకేసి చూసినాడు,
ఆపే మీట మీద వేలు పెట్టి
నొక్కకుండా అట్నే నిలబడినాడు
ట్రాకు అయిపోయేదాకా.

కాగితం గోడ మీదే ఉంది. ఎవరూ చింపలే.
తెల్లారుజామున టీ బంకు దగ్గర
నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగినాడు:
"ఆ పుల్లకు ఏం పూస్తారో తెలుసా? ఆముదమా?"

నాకు తెలీదు.
"మూత మిషనుకు వచ్చే సీజను
కొత్త బేరింగు వేస్తారంట" అన్నా.

టీ గ్లాసు వాడి పెదవి దగ్గర ఆగింది.